చేత్తో నూకిన ముగ్గుమిషన్

లైట్లు వెలిగాయట. ప్లగ్గు గోడలోంచి పీకేసి, వైరు చుట్ట చుట్టి, మీద బంతిపూల దండ వేసి కూర్చోబెట్టిన మిషన్‌లో ఎర్రలైట్లు ఒకదాని వెనక ఒకటి పరుగెత్తాయట, ఇటు నూకితే ఇటు, అటు నూకితే అటు. పొద్దున్నే రెండు చేతులతో చాయ్ గ్లాసు నాకందిస్తూ అత్తమ్మ ఆ మాట చెప్పింది. "కరెంటు లేకుండనే వెలిగినయి బిడ్డా! నేను నూకితే జర సన్నగ వెలిగినయి, మాధురి నూకితే ధగధగ వెలిగినయి. అమ్మవారే వచ్చి కూసున్నది మిషన్ల." ఆమె ముఖం చూసి నేనూ నవ్వాను, ఆ నవ్వు నా ముఖానికి అలాగే అంటుకుని ఉండిపోయింది, లోపలికి దిగలేదు. అమ్మవారు వచ్చిందో లేదో నాకు తెలియదు గానీ, ప్లగ్గు పీకిన మిషన్‌లో లైట్లు వెలిగాయంటే ఏం జరిగిందో మాత్రం బాగా తెలుసు. మోటార్లను చేత్తో తిప్పారు. నిన్న సాయంత్రం నేనూ మా ఆయనా నారాయణగూడలో మా అన్నయ్య వాళ్ళింటికి దసరా జమ్మి ఆకు పట్టుకుని వెళ్ళి వచ్చేలోపల, ఇక్కడ మా ఇంటికి జమ్మి పెట్టడానికి వచ్చినవాళ్ళందరూ, మా ఆడబిడ్డ మాధురితో సహా, వంతులవారీగా తిప్పారు.

ఏమంటాను? పండగ మర్నాడు తలస్నానం చేసి, కొప్పులో చామంతి పెట్టుకుని, ఇంత సంతోషంగా ఉన్న మనిషితో అత్తమ్మా, మీరు చూసింది అమ్మవారిని కాదు, నా సర్క్యూట్ బోర్డు ఆయువు అలా బయటికి పోతుంటే చూశారు అంటానా? చాయ్ గుటుక్కున తాగేసి ముందుగదిలోకి వచ్చి తలుపు దగ్గరికి వేసి, బోర్డు మీదికి వంగి వాసన చూశాను. కాలిన చిప్పును వాసన పట్టడంలో నా ముక్కుకు మా కాలేజీ ల్యాబులో గొప్ప పేరుంది, పదమూడేళ్ళుగా అక్కడ అసిస్టెంటును, ఏ పిల్ల ఏ బల్ల మీద ఏం తగలబెట్టిందో గుమ్మంలోంచే చెప్పేస్తాను. కానీ ఇక్కడ ఊదుబత్తి, కర్పూరం, గంధం, బంతిపూలు, ఇంత పరిమళంలో ఏ ముక్కు పనిచేస్తుంది? ఒక్కో చిప్పు నడినెత్తిన కుంకుమ బొట్టు, పేరంటానికి వచ్చినవాళ్ళలా వరసగా కూర్చున్నాయి. టూత్‌బ్రష్ తెచ్చి కాళ్ళ సందుల్లో పసుపు దులిపాను. మీటరు పెట్టి చూస్తే ఇట్టే తేలిపోయేది, మీటరేమో కోఠిలో కాలేజీలో, కాలేజీకి తాళం, తాళానికి దసరా సెలవులు. సరే, మిషన్ పెట్టే చూద్దామని ప్లగ్గు గోడకు గుచ్చి స్విచ్చి వేశానో లేదో, గోరుచుట్టు మీద రోకటిపోటు, సందు సందంతా కరెంటు పోయింది. ఇక చేసేదేముంది, స్టూలు లాక్కుని మిషన్ ఎదురుగా కూర్చున్నాను. కరెంటు రావాలి, అప్పుడు తెలుస్తుంది నా బోర్డు బతికిందో లేదో. ఈలోగా తొమ్మిది దాటితే సందులో ఆడవాళ్ళంతా వస్తారు. పిలిచింది అత్తమ్మే. నిన్న జమ్మి పెట్టిన ప్రతి చేతిలోనూ చెయ్యేసి చెప్పిందట, పొద్దుగాల రండ్రి, మా కోడలు మిషన్ నా ముగ్గు ఏస్తది అని. నా ముగ్గు అన్నది. రెండేళ్ళుగా ఆ నోట ఆ మాట రాలేదు.

అత్తమ్మ ముగ్గుల సంగతి ఈ అశోక్‌నగర్ సందులో ఎవరినడిగినా చెబుతారు. పాలతను సైకిలు దిగి, గోడవారగా నడిపించుకుంటూ పోయేవాడు, దాని మీది నుంచి తొక్కడానికి మనసొప్పక. చుక్కలు పెట్టేటప్పుడు ఆమె వంగిన నడుము ఎత్తేది కాదు, పిండి వేళ్ళ సందులోంచి జారుతున్నట్టు కాక వేళ్ళే గీతగా సాగుతున్నట్టు ఉండేది, మొదలెక్కడో చివరెక్కడో కనిపించని మెలికల ముగ్గులు, కొత్తకోడలిగా వచ్చిన నేను గడపలో నిలబడి చూస్తూ పాలు పొంగబెట్టిన రోజులు ఎన్నో. తర్వాత కుడిచెయ్యి వణకడం మొదలైంది. నారాయణగూడ డాక్టరు మాత్రలు రాసిచ్చి ప్రాణానికేం భయం లేదమ్మా అన్నాడు. ఆటోలో వస్తూ అత్తమ్మ, "ప్రాణానికేం లేదంటడు, మరి ముగ్గుకో?" అని ఒక్కమాట అని ఊరుకుంది. ఆ తర్వాత ఒకరోజు గీత వంకరపోతే చెంబుడు నీళ్ళు పోసి కడిగేసి లోపలికి వెళ్ళింది, ఇక పిండి డబ్బా ముట్టలేదు. ఆమధ్య గాజు కుంది చేజారి పగిలినప్పటి నుంచి దేవుడి దగ్గర దీపం కూడా నన్నే పెట్టమంటున్నది. వాకిట్లో ముగ్గు నేను వేస్తున్నాను, కోడి కెలికినట్టు. మొదట్లో అయితే ఆ మాట మొహం మీదే అనేది. ఇప్పుడు అనదు, బాగుంది బిడ్డా అంటుంది. ఆమె నన్ను తిట్టడం మానేయడమే నాకు ఎక్కువ కష్టంగా ఉండేది.

అందుకే ఈ మిషన్. నిజం చెప్పాలంటే అందుకే కాదు, మిషన్ పిచ్చి నాకు ముందే ఉంది, అత్తమ్మ ముగ్గు దానికి దారి చూపించింది. అశోక్‌నగర్ లైబ్రరీలో ఓ పాత పత్రికలో బొమ్మ చూశాను, కంప్యూటర్ చెబితే పెన్ను దానంతటదే గీస్తుందట. కోఠిలో పాత సామాను అమ్మే దుకాణంలో కాలం చెల్లిన ప్రింటర్లు కుప్పలుగా పడి ఉంటాయి, వాటి పొట్టలు కోసి మోటార్లు, బెల్టులు, నున్నటి ఇనుప కడ్డీలు తెచ్చుకున్నాను. వెడల్పు దిక్కుకు ఒక మోటారు, పొడుగు దిక్కుకు ఒక మోటారు, రెండూ కలిసి కడ్డీల మీద ఒక చిన్న బండిని లాగుతాయి, బండిలో స్కెచ్‌పెన్ను, కింద చార్టుపేపరు. మోటార్లను నడిపే బోర్డు నేనే అతికాను, మోటారు ఒక్కో అడుగు తిరిగినప్పుడల్లా వెలిగేలా ఎర్ర లైట్లు పెట్టుకున్నాను, ఊరికే, అందం కోసం, ఆ అందమే ఇప్పుడు కొంప ముంచింది. చిక్కడపల్లిలో మా ఆయన ప్రహ్లాద్‌కు పుస్తకాలు, కాగితాల దుకాణం ఉంది కనుక చార్టులకూ పెన్నులకూ కొదవ లేదు, పనిలో పనిగా వెక్కిరింతలకూ కొదవ లేదు, "మాదగ్గర పెన్ను పట్టుకునే కూలికి కూడ కంప్యూటరే ఉన్నదండి" అని గిరాకీలకు చెప్పేవాడు. కంప్యూటర్‌కు ముగ్గు నేర్పడానికి పట్టిన సాయంత్రాలు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. అత్తమ్మ కుర్చీలో కూర్చుని చెప్పేది, నేను అంకెలు కొట్టేదాన్ని. చుక్కను చుట్టుకొని పక్క సందులకెళ్ళి కిందికి జారు అనేది. కిందికంటే ఎంత అత్తమ్మా అంటే, "ఎంతంటే ఏం చెప్తరు? చుక్కకు తాకకుండ, చుక్కను ఇడవకుండ." అది అంకెల్లో ఎలా కొట్టాలో ఏ పత్రికా చెప్పలేదు. కొట్టాను, చెరిపాను, మళ్ళీ కొట్టాను, చివరికి పండగకు రెండ్రోజుల ముందు ముగ్గంతా కంప్యూటర్‌లోకి ఎక్కింది, ఆ సాయంత్రమే కొత్త చార్టు మీద చుక్కలన్నీ మిషన్‌తో పెట్టించాను. గీతలు పండగ మర్నాడు అని అత్తమ్మే మాట పుచ్చుకుంది, పూజ చేయకుండా పెద్దపని మొదలుపెట్టకూడదని.

మోటారుకు కరెంటిస్తే తిరుగుతుంది, ఇది అందరికీ తెలుసు. అదే మోటారును చేత్తో తిప్పితే తిరిగి కరెంటు పుట్టిస్తుంది, ఇది డైనమో ఉన్న సైకిలు తొక్కినవాళ్ళకు తెలుసు. మా నాన్న సైకిలుకు డైనమో ఉండేది. ముందు కడ్డీ మీద నన్ను కూర్చోబెట్టుకుని కాచిగూడ నుంచి ఇంటికి తెచ్చేవాడు, మెల్లగా తొక్కితే లైటు నిద్రమొహంతో వెలిగేది, జోరుగా తొక్కితే రోడ్డంతా పాలు పోసినట్టు. ఇంకా జోరుగా నాన్నా, ఇంకా జోరుగా అని నేను కేకలు పెడుతుంటే ఓసారి దిగుడులో తొక్కడం మానేసి వదిలేశాడు, లైటు ఎంత తెల్లగా వెలిగిందో, వెలిగి వెలిగి టప్పుమంది. చీకటి. నాన్న చీకట్లోనే పకపకా నవ్వి, "ఎక్కువ తినిపించినం బిడ్డా దానికి, కడుపు పగిలింది" అన్నాడు. నేను కరెంటుతో ప్రేమలో పడింది ఆ చీకట్లోనే అనుకుంటాను, ఎవరైనా లైటు వెలిగితే పడతారు, నేను మాడిపోతే పడ్డాను. అందుకని నాకు తెలుసు, మెల్లగా నూకితే బోర్డుకు ఏమీ కాదు, జోరుగా నూకితే మోటారులో పుట్టిన కరెంటు వెనక్కి తన్నుకొచ్చి చిప్పుల కడుపు పగలగొడుతుంది. కాబట్టి ఇప్పుడు తేలాల్సిందల్లా ఎవరెలా నూకారు అన్నది. పై వాటాలో ఉండే ధర్మారావు గారు వచ్చి ఉంటారు, ఆయన పేపరు పేజీ తిప్పడానికే వేలు రెండుసార్లు తడుపుకుంటారు, ఆయన వల్ల ఏ చిప్పుకూ కీడు జరగదు. అత్తమ్మ నూకితే సన్నగా వెలిగాయట, అంటే అమ్మయ్య. ఇక మాధురి. మా ఆడబిడ్డ మాధురి బాగ్ లింగంపల్లి నుంచి లూనా మీద వస్తే వీధి చివర కుక్కలు ముందే లేచి దారిస్తాయి. పచ్చడి నూరినా అంతే, జడ అల్లినా అంతే. ధగధగ వెలిగినయి అన్నది అత్తమ్మ. ధగధగ. ఆ మాట తలుచుకుంటే నాకు కాచిగూడ దిగుడు గుర్తొస్తున్నది.

అయినా ఒకటి అర్థం కాలేదు. బండిని చేత్తో జరపాల్సివస్తే ముందు మోటార్ల ప్లగ్గులు బోర్డులోంచి పీకేయడం నాకు గడప ముందు చెప్పులు విప్పినంత అలవాటు. పూజకు ముందు తుడిచినప్పుడు కూడా పీకే పెట్టాను, రెండు తోకల్లా వేలాడుతుండగా వదిలి వెళ్ళాను. ఇప్పుడు చూస్తే రెండూ బోర్డులోనే బుద్ధిగా ఉన్నాయి. వంటింట్లోకి వినిపించేలా అడిగాను, అత్తమ్మా, మోటారు తీగలు ఊడదీసి పెట్టాను కదా అని. "నేనే పెట్టిన" అని జవాబొచ్చింది, ఎంత గర్వంగానో. "పూజకు పెట్టే వస్తువు సాంతం ఉండాలె గద విజయా. బొందె ఒక దిక్కు, కాళ్ళు ఒక దిక్కు ఏలాడేసి దండం పెడ్తరా ఎవరన్న? ఎర్రదాని కాడ ఎర్రది, నల్లదాని కాడ నల్లది చూసి పెట్టిన. తప్పు పోలేదు గద?" తప్పు పోలేదు. నా శిష్యురాళ్ళు కూడా అంత సరిగ్గా పెట్టరు. మరి తిప్పడమెందుకు అత్తమ్మా అంటే దానికీ శాస్త్రం ఉంది. "కుట్టుమిషన్‌కు పూజైనంక చక్రం మూడుసార్లు చేత్తోని తిప్పి కండ్లకద్దుకుంటం. కరెంటు పెట్టి నడపొద్దు గని చేత్తోని కదిలియ్యాలె, లేకుంటే సంవత్సరమంత మొండికేస్తది. గిదీ మిషనే గద?" కాదనడానికి ఏముంది. నా జాగ్రత్త నాకుంది, ఆమె జాగ్రత్త ఆమెకుంది, రెండు జాగ్రత్తలూ కలిసి ఒక ప్రమాదాన్ని తయారుచేశాయి. కోపం తెచ్చుకుందామని చూశాను, నవ్వొచ్చింది.

ప్రహ్లాద్ బయటి నుంచి వచ్చాడు. "లైన్‌మన్‌ను అడిగిన. చిక్కడపల్లిల తీగ మీద కొమ్మ పడ్డదట. గంట అంటున్నడు, గంటంటే మన గంట కాదు, వాళ్ళ గంట." నా ముఖం చూసి తలుపు మళ్ళీ దగ్గరికి వేశాడు. చెప్పాను. అతను బోర్డును చూశాడు, బొట్లను చూశాడు, పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకున్నాడు. "పోతే పోనియ్యి. కోఠి తెరిచినంక తెచ్చుకుందం. ఇంతకు ఎన్ని తగలబెట్టలే నువ్వు?"

"బోర్డు గురించి కాదండి. అత్తమ్మకేం చెప్పాలి?"

నవ్వు ఆగిపోయింది. అతనికీ ఆ గాజు కుంది గుర్తొచ్చి ఉంటుంది. "తన చెయ్యి వడ్డదని తెలిస్తే అమ్మ ఇంక గీ గదిల అడుగువెట్టదు" అన్నాడు మెల్లగా, ఆ మాట వినపడకూడదన్నట్టు వంటింటి వైపు చూస్తూ. అదే నా భయమూ. చిప్పుదేముంది, ఇంకోటి దొరుకుతుంది. అందరిముందూ మిషన్ కదలకపోతే ఎందుకు కదల్లేదని అడుగుతారు, ఎవరు ముట్టుకున్నారని అడుగుతారు, మాధురి నవ్వుతూనే అంటుంది అమ్మనే తిప్పిచ్చింది అందరితోటి అని. అత్తమ్మ చెయ్యి కొంగులో దాచుకుంటుంది. ముగ్గు డబ్బాకు పట్టిన గతే ఈ కుర్చీకీ పడుతుంది. అబద్ధం చెబుదామా, కంప్యూటర్ చెడిపోయిందని? కానీ వచ్చేవాళ్ళు ముగ్గు చూడటానికి వస్తున్నారు, నా అబద్ధాలు వినడానికి కాదు.

ప్రహ్లాద్ కుర్చీలు సర్దడానికి వెళ్ళాడు. నేను మళ్ళీ స్టూలు మీద. ఫ్యాను లేక గదిలో ఉక్క, కిటికీ అవతల ఎవరో నిన్నటి తోరణం మామిడాకులు ఊడ్చుతున్న చప్పుడు, దూరంగా మార్కెట్టు వైపు నుంచి కూరలబండి కేక. వంటింట్లోంచి గాజుల చప్పుడు. అత్తమ్మ ఇంట్లో ఎక్కడుందో నాకు చూడకుండానే తెలుస్తుంది, ఆమె ఊరికే కూర్చున్నా కుడిచేతి గాజులు సన్నగా గలగలమంటూనే ఉంటాయి, ఆ వణుకు వాటికి విశ్రాంతి ఇవ్వదు. మొదట్లో ఆ చప్పుడు వింటే చేస్తున్న పని ఆపేసేదాన్ని, ఇప్పుడు గడియారం చప్పుడులా అలవాటైపోయింది. గాజులు. గాజుల గురించి పొద్దున ఏదో అన్నది కదా. లైట్లు, మాధురి, అమ్మవారు, ఆ తర్వాత నేను చాయ్ గుటుక్కున మింగుతుంటే ఇంకోమాట అన్నది, నాకు లైట్ల హోరులో పట్టలేదు, చెవిలో పడింది గానీ లోపలికి దిగలేదు. "తమాష చూడు విజయా, గది పట్టుకొని నూకుతుంటే నా గాజులు సప్పుడు చెయ్యలే." అంతే అన్నది. నేను ఊఁ అన్నాను. ఊఁ అని గ్లాసు కింద పెట్టి బోర్డు వాసన చూడటానికి పరుగెత్తాను. ఎంత మొద్దును నేను! ముక్కుతో వెతుకుతున్నాను, చెవులు ఎక్కడ పెట్టానో.

గాజులు చప్పుడు చేయలేదు. ఎందుకు చేయలేదు? లేచి నిలబడ్డాను. బండి బరువు ఒకటి, కడ్డీలు పక్కలకు పోనివ్వవు, బెల్టు బిగువు ఒకటి, అదంతా కొంత. మిగతాది మోటారు. మోటారును తిప్పితే కరెంటు పుడుతుంది, ఆ కరెంటుకు పోవడానికి దారి దొరికితే అది మోటారునే వెనక్కి పట్టి లాగుతుంది, ఎంత జోరుగా తిప్పితే అంత గట్టిగా పట్టుకుంటుంది. డైనమో వేస్తే సైకిలు బరువెక్కడం ఎవరికి తెలియదు? వణుకు అంటే ఏమిటి, చిన్న చిన్న జోరు కదలికలు, అటూ ఇటూ, ఆగకుండా. మెల్లగా సాగే చేతిని మోటారు పోనిస్తుంది, ఉలిక్కిపడే చేతిని పట్టుకుంటుంది. నా బోర్డును కాల్చే కరెంటే అత్తమ్మ చేతిని నిలబెట్టింది. పొద్దుటి నుంచీ దేన్ని తిట్టుకుంటూ కూర్చున్నానో దాని కాళ్ళకు దండం పెట్టాలనిపించింది, నిజంగా, పసుపూ కుంకుమతో సహా.

అయితే బోర్డులో పెట్టి నూకనివ్వడానికి వీల్లేదు, ఒకవేళ ప్రాణం మిగిలి ఉంటే అదీ పోతుంది. ప్లగ్గులు పీకేస్తే బోర్డు క్షేమం, కానీ కరెంటుకు దారి ఉండదు, మోటారు తేలికైపోతుంది, వణుకు మళ్ళీ వచ్చి కాగితం మీద పడుతుంది. దారి నేనే వేయాలి. మోటారు తీగల కొసలు ఒకదానికొకటి కలిపేస్తే సరి, అందులో పుట్టింది అందులోనే తిరుగుతుంది, బోర్డు దరిదాపులకు రాదు. తీగముక్క కోసం సొరుగు తెరవబోయి ఆగాను, నా గాజులకు పిన్నీసులున్నాయి కదా, ఏ ఆడదాని గాజులకు లేవు? ఒకటి తీశాను. ప్లగ్గు పీకి, వెనక బయటికి కనిపించే ఇత్తడి కొసలన్నిటికీ తగిలేలా పిన్నీసు అడ్డంగా దూర్చి, ఊడిపోకుండా పూలదండ దారం తెంపి బిగించి కట్టాను. రెండోదానికి ఇంకో పిన్నీసు. బండి మీద చెయ్యేసి నూకాను. చిక్కటి బెల్లంపాకంలో గరిటె తిప్పినట్టుంది. కావాలని చెయ్యి వణికించి చూశాను, పెన్ను కదల్లేదు. మళ్ళీ వణికించాను, నవ్వుకుంటూ, ఒక్కదాన్నే, తలుపు వేసుకుని, పూనకం వచ్చినదానిలా. ఎవరైనా చూసుంటే అమ్మవారు ఈసారి మిషన్‌లో కాదు, కోడలి మీద కూర్చుందనుకునేవాళ్ళు.

వచ్చేశారు. చీరల గరగర, పౌడరు వాసన, ధర్మారావు గారి భార్య, ఎదురింటివాళ్ళు, పక్క సందు వాళ్ళు, అందరికంటే ముందు మాధురి, "వదినా, ఏదీ, నడిపియ్యి, నడిపియ్యి!" కరెంటు లేదే అని ఎవరో అన్నారు. అత్తమ్మ ఫ్యాను వైపు చూసింది, ఆగిన కంప్యూటర్ వైపు చూసింది, పిలిచిన ముఖాలన్నిటినీ చూసింది, నిలబడ్డచోటే కొంచెం చిన్నదైపోయింది. గాజులు గలగలమంటున్నాయి. "కరెంటు వచ్చినంక పిలుస్త, కాసేపైనంక రండ్రి" అనబోతున్నది.

"అత్తమ్మా, మీరే గీయండి" అన్నాను.

గదిలో అందరూ నా వైపు తిరిగారు. అత్తమ్మ చూపులో మొదట అర్థం కానితనం, తర్వాత నొప్పి, ఇంతమందిలో నా పరువు తీస్తావా అన్నట్టు. కుడిచెయ్యి అప్పుడే కొంగులోకి పోతున్నది. "నా చెయ్యి సంగతి నీకు ఎరుక లేదా బిడ్డా" అన్నది, నాకు మాత్రమే వినిపించేంత మెల్లగా. నా నోట్లో ఎన్నో మాటలున్నాయి, కరెంటు, మోటారు, పిన్నీసు, ఒక్కటీ పనికొచ్చేది కాదు. దగ్గరికి వెళ్ళి ఆ చెయ్యి కొంగులోంచి బయటికి తీశాను, పిట్టను పట్టుకున్నట్టుంది చేతిలో. బండి మీద పెట్టాను. పొద్దున మీరు గాజుల సంగతి చెప్పారు కదా, నేను ఇప్పుడు విన్నాను అన్నాను. "తీగలు మళ్ళ ఊడదీసినవేంది?" అన్నది, మిషన్ వైపు చూసి, సాంతం లేని వస్తువంటే ఇప్పటికీ మనసొప్పక. మీ చేతికి అడ్డం రాకుండా అన్నాను. పెన్ను దింపే మీట నేను నొక్కాను.

బండి కదిలింది. మొదటి చుక్క పక్కనుంచి, తాకకుండా, విడవకుండా, కిందికి జారింది గీత. గదిలో ఎవరూ మాట్లాడటం లేదు, మాధురి కూడా. గాజులు మాట్లాడటం లేదు. అత్తమ్మ పెదవులు మాత్రం కదులుతున్నాయి, నాకు సాయంత్రాలు చెప్పిన మాటలే తనకు తాను చెప్పుకుంటున్నది, చుట్టుకొని, సందులకెళ్ళి, పైకి, గీడ మలుగు. నేను అంకెల్లో ఎక్కించిన ముగ్గు ఇది కాదు. మూడో మలుపు దగ్గర నేను తిన్నగా తీసుకెళ్ళినచోట ఆమె కొంచెం వంచింది, ఎందుకు వంచిందో వంచాక చూస్తే తెలిసింది, పక్క మెలికకు చోటు మిగిలింది, ఆ చోటులో ముగ్గు ఊపిరి పీల్చుకుంది. నడుము వంగింది. కొప్పులో చామంతి జారి చార్టు మీద పడితే ఎడమచేత్తో పక్కకు నెట్టింది, కుడిచెయ్యి ఆగలేదు. ప్రహ్లాద్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు, గోడ వైపు తిరిగి ముఖం తుడుచుకుంటున్నాడు, ఉక్కపోతట. నాకు ఏడుపు రాలేదు, నాకు నవ్వొస్తూనే ఉంది, పొద్దుటి నుంచీ ముఖానికి అంటుకున్న నవ్వు ఇప్పుడు లోపలికి కూడా దిగి, కడుపులోంచి, గొంతులోంచి, ఎక్కడ దాచుకోవాలో తెలియనంత.

ముగ్గు సగం దాటింది. అప్పుడు నెత్తిమీద ఫ్యాను కిర్రుమని కదిలింది, పక్కింట్లో టేపురికార్డరు పాట మధ్యలోంచి అందుకుంది, కంప్యూటర్ బీప్ మని లేచింది, సందులో పిల్లలందరూ ఒక్కసారి కేక పెట్టారు.

"వదినా, కరెంటొచ్చింది! ఇగ మిషన్ పెట్టు!" అన్నది మాధురి.

అత్తమ్మ తలెత్తలేదు. "కరెంటును జర ఆగుమనుర్రి" అన్నది. "నాకింక మూడు వరసలున్నయి."

నేను వెళ్ళి గోడ మీద మిషన్ స్విచ్చి ఆపేశాను.